ఫ్యూజక్కా, బ్రేకు స్విచ్చీ

ఆమె అసలు పేరేమిటో ఆ వీధిలో సగం మందికి తెలీదు. కార్లకి వైరింగు పని చేసే షెడ్డు ఆమెది. హారన్ మోగకపోయినా, అద్దం దిగకపోయినా, ముందు లైట్లలో ఒకటి కన్ను కొట్టినా, బండి తెచ్చి షెడ్డు ముందు ఆపి "ఫ్యూజక్కా!" అని ఒక్క కేక వేస్తారు. లోపల్నుంచి యాభై దాటిన పొట్టి మనిషి, మోచేతుల దాకా మడిచిన మగవాళ్ళ చొక్కాతో, చెవి మీద చిన్న స్క్రూడ్రైవరు దోపుకుని బయటికొస్తుంది. "ఏం చేశావు దాన్ని?" అనేది ఆమె మొదటి ప్రశ్న. బండి చెడిపోయిందంటే ఎవరో ఏదో చేసే ఉంటారని ఆమెకి గట్టి నమ్మకం.

ఆ షెడ్డు ఆమె తండ్రిది. నలభై ఏళ్ళొచ్చేసరికే ఆయనకి చూపు మందగించింది. ఎరుపు వైరేదో గోధుమరంగు వైరేదో పోల్చుకోలేక, బడి నుంచి రాగానే కూతుర్ని పక్కన కూచోబెట్టుకునేవాడు. "ఇదే రంగమ్మా? దీని పక్కది?" అని అడిగేవాడు. పిల్ల చెప్పేది, ఆయన కలిపేవాడు. అలా రంగులు చెప్తూ చెప్తూనే పని మొత్తం వచ్చేసింది. పంతొమ్మిదేళ్ళకి షెడ్డు ఆమె చేతికొచ్చింది. ఆడపిల్ల ముట్టుకున్న బండి నడుస్తుందా అని నవ్విన వాళ్ళే, ఇంకెక్కడా బాగుపడని బండ్లు తోసుకుంటూ ఆమె దగ్గరికొచ్చారు.

తండ్రి దగ్గర నేర్చుకున్నవాటిలో ఒకటి ఆమెకి బాగా అచ్చొచ్చింది. కార్లలోకి కంప్యూటర్లు దూరాక, డాష్‌బోర్డు మీద ఊరికే ఏదో ఒక పసుపు దీపం వెలగడం మొదలైంది. ఫ్యూజక్క ముందు వైర్లన్నీ చూసేది. ఏమీ దొరక్కపోతే తండ్రి నేర్పినట్టు బ్యాటరీ వైరు ఊడదీసి, పది నిమిషాలాగి మళ్ళీ బిగించేది. దీపం పోయేది. గడియారం సున్నాకొచ్చేది, రేడియో స్టేషన్లన్నీ ఎగిరిపోయేవి. "చూశావా, అన్నీ మర్చిపోయింది. కరెంటు లేకపోతే దానికి ఒంటిమీద తెలివుండదు," అనేది. దీన్ని ఆమె 'పది నిమిషాల వైద్యం' అని పిలుచుకునేది. పదిహేనేళ్ళ పాటు ఆ వైద్యానికి తిరుగులేకపోయింది.

ఆమెకి ఒక్కడే తమ్ముడు. ఎనిమిదేళ్ళు చిన్న. సొంత కారు అద్దెకి నడుపుతాడు. నెమ్మదైనవాడు. అతని బండెక్కిన ముసలివాళ్ళు వెనక సీట్లో నిద్రపోతారని పేరు. అటువంటివాడికి ఒక మధ్యాహ్నం ప్రమాదం జరిగింది. బండిలో ఇంకెవరూ లేరు. మలుపు తిరగగానే ఒక కుక్క రోడ్డుకి అడ్డంగా వచ్చింది. తమ్ముడు బ్రేకు వేశాడు. వెనకే వస్తున్న బ్రెడ్డు వ్యాను సూటిగా వచ్చి గుద్దింది. ఆ తోపుకి కారు వెళ్ళి దీపస్తంభానికి కొట్టుకుంది. ముందున్న రెండు గాలిసంచులూ పేలాయి. మంటలొస్తాయేమోనని ఎవరో పరుగున వచ్చి బ్యాటరీ వైరు కోసేశారు. తమ్ముడికి నుదుటి మీద ఆరు కుట్లు పడ్డాయి. వ్యాను డ్రైవరుకి మెడకింద ఎముక విరిగింది.

వెనకనుంచి గుద్దినవాడిదే తప్పన్నారు అందరూ. వ్యాను డ్రైవరు మాత్రం ఆసుపత్రి మంచం మీదనుంచే ఒకే మాట అన్నాడు. "ముందుబండికి బ్రేకు లైటు వెలగలేదండీ. వెలిగుంటే నేను ఆపేవాణ్ణే." వినేవాళ్ళు తలూపారు, నమ్మలేదు. బ్రెడ్డు కంపెనీ అతన్ని పనిలోంచి తీసేసింది. రెండు బండ్లూ ఒక పాత యార్డులో పక్కపక్కనే పడున్నాయి. కాగితాలు ఆ బల్ల మీదనుంచి ఈ బల్ల మీదకి తిరుగుతూ నాలుగు నెలలు గడిచాయి.

ఆ తర్వాత ఇన్సూరెన్స్ సర్వేయరు దగ్గర్నుంచి పిలుపొచ్చింది. గురువారం ఉదయం కారులో పెట్టె చదువుతామనీ, బండి యజమాని దగ్గరుండాలనీ. తమ్ముడు, అతని భార్య, ఫ్యూజక్క ముగ్గురూ వెళ్ళారు. వ్యాను డ్రైవరు కూడా వచ్చాడు. కళ్ళజోడు పెట్టుకుని, నలిగిపోయిన తన వ్యాను పక్కన ఒంటరిగా నిలబడ్డాడు. ఎవరూ అతన్ని పలకరించలేదు.

సర్వేయరు ల్యాప్‌టాపు, ఒక చిన్న బ్యాటరీ, నాలుగు వైర్లు తీసి కారు బానెట్ మీద పెట్టాడు.

"ఏం చదువుతారు సార్?" అంది ఫ్యూజక్క.

"సీటు కింద, మధ్యలో, గాలిసంచుల పెట్టె ఉంటుంది మేడమ్. ప్రమాదానికి ముందు ఐదు సెకన్లు బండి ఏం చేసిందో దాన్లో ఉంటుంది."

ఆమె నవ్వింది. "నాలుగు నెలలైంది సార్ బ్యాటరీ వైరు తెగి. వానలో నానింది, ఎండలో ఎండింది. ఇంకా ఏం ఉంటుంది అందులో? ముప్ఫై ఏళ్ళ నుంచి ఇదే పనిలో ఉన్నాను, చెప్తున్నాను వినండి. కరెంటు పోతే అన్నీ పోతాయి."

"ఉంటుంది మేడమ్," అన్నాడు సర్వేయరు, ఆమెకేసి చూడకుండానే.

ఉంది. తన చిన్న బ్యాటరీతో పెట్టెకి ప్రాణం పోసి, ఏవో మీటలు నొక్కాడు. తెర మీద గళ్ళు గళ్ళుగా ఒక పట్టిక వచ్చింది. ఫ్యూజక్క వంగి బానెట్ సందులోంచి చూసింది. బండి బ్యాటరీ స్థానం ఖాళీగానే ఉంది. వైరు కొన తుప్పు పట్టి వేలాడుతూనే ఉంది. ఎక్కడ దాక్కుంది ఇదంతా?

సర్వేయరు చదవడం మొదలుపెట్టాడు. "వేగం... సరే. సీటు బెల్టు, ఉంది. బ్రేకు..." అని ఆగాడు. "బ్రేకు, లేదు. ఐదు సెకన్లలోనూ లేదు."

"లేదా?" అన్నాడు తమ్ముడు. "లేదంటే?"

"మీరు బ్రేకు వెయ్యలేదని."

"వేశాను సార్! కుక్కొచ్చింది. వేశాను కదా!"

"పెట్టె లేదంటోంది."

దూరంగా నిలబడ్డ వ్యాను డ్రైవరు రెండడుగులు ముందుకొచ్చాడు. "బ్రేకు వెయ్యకపోతే నేను వెళ్ళి ఆయన్ని ఎలా గుద్దుతాను సార్? బండి ఆగిందండీ. లైటే వెలగలేదు."

అతని మాట సబబుగానే ఉంది. సర్వేయరు కూడా బుర్ర గోక్కున్నాడు. "చూడండి, పెట్టె చెప్పింది రాసుకోవడమే నా పని. వెనకనుంచి గుద్దినందుకు వ్యానుదీ తప్పే, బ్రేకు వెయ్యని పరధ్యానం కారుదీ తప్పే. మీలో ఎవరికైనా అభ్యంతరం ఉంటే పదిరోజుల్లో చెప్పండి." పట్టికని సంచిలోని చిన్న ప్రింటరు మీద అచ్చుతీసి తమ్ముడి చేతిలో ఒక కాగితం, వ్యాను డ్రైవరు చేతిలో ఒక కాగితం పెట్టి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చాక మరదలు గ్లాసుల్లో టీ పోస్తూ, మొగుడికేసి చూడకుండా అడిగింది. "ఆ టైములో ఫోను చూస్తున్నావా?"

"లేదు."

"మరి?"

"నొక్కానే. నాకు బాగా గుర్తు." అతను కుర్చీలో కూచునే కుడికాలు నేలకేసి నొక్కి చూశాడు. మళ్ళీ నొక్కాడు. "నొక్కాను అక్కా. ఇలాగే. లేకపోతే... నొక్కాననుకున్నానా? నొక్కుదామని కాలెత్తి, అంతలోకి గుద్దేశాడా?"

"నువ్వు వేశానంటే వేసినట్టే," అంది ఫ్యూజక్క. కానీ ఆమె గొంతులో గట్టిదనం లేదు. మనిషి అబద్ధం చెప్పొచ్చు, మర్చిపోవచ్చు. వైరు మీద నడిచేదానికి ఆ అవసరం ఏముంటుంది? ఆమె జీవితమంతా వైర్లని నమ్మే బతికింది. తమ్ముణ్ణీ నమ్మింది. ఇప్పుడు రెండిట్లో ఒకదాన్ని వదులుకోమంటే ఏది వదలాలో ఆమెకి పాలుపోలేదు.

మూడురోజులు అలాగే గడిచాయి. షెడ్డుకొచ్చిన బండ్లకి ఎడమ లైటు బదులు కుడి లైటు విప్పింది. పక్క గదిలో సీటు కవర్లు కుట్టే ఆమె భర్త మిషను ఆపి, "ఇవాళ నీకే ఒక ఫ్యూజు మార్చాలి," అన్నాడు. ఆమెకి నవ్వు రాలేదు.

నాలుగోరోజు పొద్దున్నే ప్రింటింగు ప్రెస్సు మేడమీద గదికి వెళ్ళింది. అక్కడ ఒకావిడ సర్క్యూట్ బోర్డులు బాగుచేస్తుంది. టీవీలవీ, కార్లవీ, చెవిటివాళ్ళు పెట్టుకునే మిషన్లవీ, ఏ బోర్డైనా సరే. అందరూ ఆమెని బోర్డు డాక్టరంటారు. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. మైక్రోస్కోపులోంచి తలెత్తకుండా మాట్లాడుతుంది. కింద ప్రెస్సు తిరుగుతుంటే బల్లమీద స్క్రూలు చిన్నగా గంతులేస్తుంటాయి.

"ఇది చెప్పు నాకు," అంది ఫ్యూజక్క, కూచోకుండానే. "బ్యాటరీ తీస్తే గడియారం మర్చిపోతుంది. రేడియో మర్చిపోతుంది. ఈ పెట్టె ఎందుకు మర్చిపోలేదు?"

బోర్డు డాక్టరు తలెత్తింది. "గుర్తుపెట్టుకునే చిప్పులు రెండు రకాలక్కా. గడియారానిది చేత్తో బరువు పట్టుకుని నిలబడ్డం లాంటిది. సత్తువున్నంతసేపే. కరెంటు పోగానే చెయ్యి వదిలేస్తుంది. రెండో రకానికి సత్తువక్కర్లేదు. కొత్తది రాయాలంటే కరెంటు కావాలి, చదవాలన్నా కావాలి. ఊరికే ఉంచుకోడానికి అక్కర్లేదు."

"ఎందుకక్కర్లేదు?"

"లోపల కంటికి కనపడనంత చిన్న గదులుంటాయి, లక్షల్లో. ఒక్కో గదికి నాలుగు పక్కలా గాజుగోడ లాంటిది ఉంటుంది. రాయాలనుకున్నప్పుడు కరెంటుని గట్టిగా తోస్తే, చిటికెడు లోపలికి పోయి పడుతుంది. తోయడం ఆపేస్తే ఇక బయటికి రాలేదు. పదేళ్ళైనా, ఇరవై ఏళ్ళైనా అక్కడే ఉంటుంది. ఏ గదిలో ఉంది, ఏ గది ఖాళీ అన్నదే రాత."

ఫ్యూజక్క బల్ల మీద బోర్డుకేసి వంగి చూసింది. "తలుపెక్కడుంటుంది?"

"తలుపు లేదు."

"తలుపు లేని గదిలోకి ఎలా పోయింది?"

"గోడలోంచి."

"గోడ పగలదూ?"

"పగలదు. దూరిపోతుంది. ప్రతిసారీ గోడ కాస్త అరుగుతుంది, అంతే."

"నువ్వు నన్ను ఆటపట్టించడం లేదు కదా?"

"ఒట్టక్కా! పుస్తకాల్లో ఉంది. నాకూ పూర్తిగా అర్థమైందని చెప్పలేను. కానీ పనిచేస్తుంది."

ఫ్యూజక్క అప్పటికి స్టూలు మీద కూలబడింది. "సరే, గోడలోంచే పోయిందనుకో. గుద్దుకున్నప్పుడే కరెంటు పోతే రాసే టైమెక్కడిది?"

"పెట్టెలోనే చిన్న కెపాసిటర్లుంటాయిగా. మీకు తెలియందేముంది! అందులో కొసరు కరెంటు ఉంటుంది. క్షణంలో సగం చాలు. గాలిసంచి పేల్చడానికీ, రాసుకోడానికీ సరిపోతుంది."

కెపాసిటరు మాట వినగానే ఫ్యూజక్కకి కాస్త ఊపిరాడింది. అదొక్కటీ తెలిసిన సరుకు. "అయితే అది తప్పు రాసే అవకాశమే లేదంటావు?"

"అలా అనలేదే! చిప్పు ఉన్నది మర్చిపోదు. కానీ ఉన్నది నిజమా కాదా దానికేం తెలుసు? మీ తమ్ముడి కాలు దానికి కనపడదక్కా. వైరు మీద ఏమొస్తే అదే కనపడుతుంది."

తమ్ముడి దగ్గర తీసుకున్న, మడతలు పడ్డ కాగితాన్ని ఫ్యూజక్క చొక్కా జేబులోంచి తీసింది. ఈ మూడురోజులూ ఆమె ఆ కాగితంలో 'బ్రేకు' అన్న వరస తప్ప ఇంకేమీ చూడలేదు. ఇప్పుడు పై వరస చూసింది. వేగం. యాభై రెండు, యాభై ఒకటి, నలభై నాలుగు, ముప్ఫై, పద్నాలుగు.

"ఇది... సెకనుకొకటా?"

"సెకనుకొకటే."

"చదునైన రోడ్డు మీద యాక్సిలరేటరు వదిలేస్తే బండి ఇంత తొందరగా తగ్గదే!" ఆమె లేచి నిలబడింది. "బ్రేకు వేస్తేనే ఇలా తగ్గుతుంది! వేశాడే! మావాడు వేశాడే!"

బోర్డు డాక్టరు ఏదో అంటున్నా వినకుండా మెట్లవైపు పరిగెత్తింది. సగం మెట్లు దిగేసరికి తమ్ముడికి ఫోను చేద్దామని జేబులో చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది.

వాడు బ్రేకు వేశాడు. బండి ఆగింది. వైరు మాత్రం లేదని చెప్పింది. బ్రేకు సంగతి పెట్టెకి చెప్పే వైరూ, వెనక లైటు వెలిగించే వైరూ బయల్దేరేది ఒక్క చోటనుంచే. పెడల్ పైనుండే స్విచ్చి దగ్గర్నుంచి. ఆ స్విచ్చి ప్రమాదానికి నెలరోజుల ముందు మార్చింది తనే.

అప్పుడు తమ్ముడి బండికి బ్రేకు లైట్లు ఆరకుండా వెలుగుతూనే ఉన్నాయి. కొత్త స్విచ్చి రావడానికి రెండురోజులు పడుతుందన్నారు. వాడు ఎవరినో ఎక్కించుకోవాలని తొందరపడ్డాడు. ఆమె సొరుగులోంచి పాత బండిదొకటి తీసి, మూడుసార్లు నొక్కి చూసి, వెలిగిందని బిగించి పంపించింది. కొత్తది వచ్చాక మారుద్దామనుకుని మర్చిపోయింది. పదిరోజుల తర్వాత వాడు మళ్ళీ వచ్చాడు. "అక్కా, పసుపు దీపం వెలుగుతోంది." వైరింగు చూసింది, అంతా బాగానే ఉంది. పది నిమిషాల వైద్యం చేసింది. దీపం పోయింది.

ఫ్యూజక్క ఆ మెట్ల మీదే కూచుంది. కింద ప్రెస్సు తిరుగుతోంది. కాగితాల మోపు మోసుకుని పైకెక్కుతున్న మనిషి ఆమెని చుట్టు తిరిగి వెళ్ళాడు. కాసేపటికి లేచి మళ్ళీ పైకెళ్ళింది. "నీ దగ్గర కంప్యూటర్లు చదివే మిషనుంటే పట్టుకుని నాతో రా," అంది.

యార్డు కాపలాదారుని అడిగి ఇద్దరూ కారు దగ్గరికెళ్ళారు. ఏదీ విప్పొద్దని ముందే అనుకున్నారు. ఫ్యూజక్క స్టీరింగు కింద వెల్లకిలా పడుకుని, కరెంటు దారి కలిస్తే కూసే మల్టీమీటరు మొనలు స్విచ్చికి ఆనించి, చేత్తో పెడల్ నొక్కింది. మీటరు కూసింది. మళ్ళీ నొక్కింది, కూసింది. మూడోసారి కూయలేదు. పదిసార్లు నొక్కితే మూడుసార్లు మూగ. లోపలి ముక్కలు నల్లబడిపోయి ఉండాలి. ఆమె అలా పడుకునే ఉంది, లేవబుద్ధి కాలేదు.

ఈలోపు బోర్డు డాక్టరు ఒక బ్యాటరీ తగిలించి ఇంజను కంప్యూటరు చదివింది. "అక్కా, ఇక్కడ పాత ఫిర్యాదు ఒకటుంది. 'బ్రేకు స్విచ్చి మాటలకి పొంతన లేదు' అని. ఎన్ని కిలోమీటర్ల దగ్గర మొదట కనపడిందో కూడా ఉంది." ఆ అంకె చదివింది. ఫ్యూజక్క బండి లోపలినుంచే డాష్‌బోర్డు మీది కిలోమీటర్ల అంకెకేసి చూసి లెక్కేసుకుంది. పసుపు దీపం వెలిగిన రోజుల్లోదే.

"నేను పోగొట్టానే దాన్ని! బ్యాటరీ తీశాను!"

"దీపం పోయిందక్కా. ఫిర్యాదు పోలేదు."

"దీపం ఆరితే పోయిందనుకున్నాను," అంది ఫ్యూజక్క. పదిహేనేళ్ళలో అలా ఎన్ని దీపాలు ఆర్పిందో లెక్క పెట్టబోయి, భయమేసి మానేసింది.

ఇంటికొచ్చి భర్తకి చెప్పింది. ఆయన మిషను ఆపలేదు, కానీ నెమ్మదిగా తొక్కాడు.

"ఆ స్విచ్చి ఊడి ఎక్కడో పడిపోయిందనుకో," అంది ఆమె. "ఎవరికైనా తెలుస్తుందా?"

"తెలీదు."

"సర్వేయరు వేగం చూడలేదు. చూసే రకం కాదు."

"చూడడు."

"చెప్తే షెడ్డు మూసేయించొచ్చు. తమ్ముడు నా మొహం చూడకపోవచ్చు. చెప్పకపోతే వాడు జన్మంతా కాలు నేలకేసి నొక్కుకుంటూ కూచుంటాడు. ఆ వ్యాను అన్న..." ఆగిపోయింది. "ఏం చెయ్యమంటావు?"

"చెప్పొద్దంటే మానేస్తావా?"

ఆయన దారం కొరికి, "మరి నన్నడగడమెందుకు?" అన్నాడు.

ముందు తమ్ముడికే చెప్పింది. వేగం వరస చూపించగానే అతను చిన్నపిల్లాడిలా గంతేశాడు. "నొక్కానన్నమాట! చూశావా?" అని పెళ్ళాన్ని పిలిచాడు. మరదలు చేతులు తుడుచుకుంటూ వచ్చి కాగితం చూసి, మొగుడి భుజం మీద చెయ్యేసింది. ఆ తర్వాత ఫ్యూజక్క స్విచ్చి సంగతి చెప్పింది. తమ్ముడి మొహంలో నవ్వు ఒక్కసారిగా పోలేదు. కొంత నవ్వు అలాగే మిగిలుండగా, "నువ్వా అక్కా?" అన్నాడు.

"నేనే రా."

"పాతదని నాతో ఎందుకు చెప్పలేదు?"

"కొత్తది తెప్పించి మారుద్దామనుకున్నాను. మర్చిపోయాను."

అతను లేచి లోపలి గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. కోపమో, ఏడుపో బయటికి తెలియలేదు. "వెళ్ళండి వదినా, ఇప్పుడు పిలవొద్దు," అంది మరదలు మెల్లగా.

వ్యాను డ్రైవరు ఇల్లు వెతుక్కుంటూ మర్నాడు వెళ్ళింది. అతని భార్య తలుపు తీసింది. ఇంటినిండా అట్టముక్కలే. చెప్పుల దుకాణానికి పెట్టెలు మడిచిస్తున్నాడు. విరిగిన వైపు చెయ్యి భుజం దాకా లేవదు. మోకాలితో అదిమిపట్టి మడుస్తున్నాడు.

"అన్నా, ఆరోజు ముందుబండికి లైటు వెలగలేదు," అంది ఫ్యూజక్క. "నేను వేసిన స్విచ్చి చెడ్డది. తప్పు నాది."

అతనికి వెంటనే అందలేదు. "లైటు వెలిగిందంటారా?"

"వెలగలేదన్నా."

"వెలగలేదనా?"

"వెలగలేదు. నువ్వు చూసిందే నిజం."

అతను చేతిలో అట్టపెట్టె పక్కన పెట్టాడు. కళ్ళజోడు తీసి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది అప్పుడే కొనుక్కున్నానమ్మా. నా కళ్ళే బాగోలేవేమో, వెలిగినా కనపళ్ళేదేమో అనుకున్నాను. పరీక్ష చేసినాయన కళ్ళు బానే ఉన్నాయన్నాడు. నేనే పట్టుబట్టి పెట్టించుకున్నాను. దీంతో చూసినా, లేకుండా చూసినా ఒకలాగే ఉంటుంది."

అతని భార్య గోడకానుకుని నిలబడింది. తిడుతుందని ఫ్యూజక్క సిద్ధపడే వచ్చింది. ఆమె తిట్టలేదు. "పరీక్ష చేయించుకోమని పోరింది నేనే," అంది, మొగుడితో. "రోజూ నువ్వదే చెప్పావు. రోజూ నేను వినిపించుకోలేదు." ఆ తర్వాత ఫ్యూజక్కకేసి తిరిగి, "ఇప్పుడొచ్చి చెప్తే ఆయన భుజం లేస్తుందా?" అంది. రేపు సర్వేయరు దగ్గరికి తనతో రమ్మని అతన్ని అడిగి, ఫ్యూజక్క వచ్చేసింది.

సర్వేయరు మొత్తం విని, పెన్ను నోట్లో పెట్టుకుని కూచున్నాడు. "డ్రైవరు తప్పుకి గడి ఉంది, బండి లోపానికి గడి ఉంది. మెకానిక్కే వచ్చి నాదే తప్పని చెప్తే ఎక్కడ రాయాలి మేడమ్? నా సర్వీసులో ఎప్పుడూ తగల్లేదు."

"కింద ఖాళీ ఉందిగా సార్, అక్కడ రాయండి," అంది ఆమె.

రాశాడు. స్విచ్చి తీయించి పరీక్షకి పంపాడు. తమ్ముడి మీద పరధ్యానం అన్న మాట కొట్టేశారు. బ్రెడ్డు కంపెనీ వ్యాను డ్రైవర్ని మళ్ళీ పిలిచింది. భుజం పూర్తిగా లేవదు కాబట్టి వ్యాను ఇవ్వలేదు, ఏ వ్యాను ఏ దారిన పోవాలో చెప్పే బల్ల దగ్గర కూచోబెట్టారు. అతను వెళ్ళాడు. సంతోషంగా వెళ్ళాడో లేదో ఫ్యూజక్కకి తెలీదు, అడిగే ధైర్యం లేదు. ఆమె షెడ్డుకి మూడునెలలు తాళం పడింది. కొత్త బండ్ల ఎలక్ట్రానిక్స్ పరీక్ష పాసైతేనే మళ్ళీ తెరవాలన్నారు అధికారులు. ఇరవై ఏళ్ళ పిల్లల మధ్య చివరి బెంచీలో కూచుని పాఠాలు విన్నది. మొదటిసారి తప్పింది. బోర్డు డాక్టరు మధ్యాహ్నాలు చెప్పిపెట్టగా రెండోసారి గట్టెక్కింది.

పాసయ్యాక షెడ్డు తెరిచి, పాత రశీదులు తిరగేసి, తను దీపం ఆర్పిన బండ్ల వాళ్ళకి ఒక్కొక్కరికే ఫోను చేయడం మొదలుపెట్టింది. "ఒకసారి తీసుకురండి, ఊరికే చూస్తాను," అనేది. కొందరు తెచ్చారు. కొందరు, ఎప్పుడో బాగైన బండిని మళ్ళీ ఎందుకు కెలుకుతుందని అనుమానంగా అడిగారు. ఒకాయన ఆ బండి అమ్మేశానన్నాడు. ఎవరికి అమ్మారని ఆమె రెండుసార్లు అడిగేసరికి ఫోను పెట్టేశాడు.

తమ్ముడు అయిదు నెలలు మాట్లాడలేదు. ఒక సాయంత్రం వాన పడుతుంటే, కొత్తగా నడుపుతున్న బండి షెడ్డు ముందు ఆపి, లోపలికొచ్చి బల్ల మీద కూచున్నాడు. పనేమీ చెప్పలేదు. ఆమె పని ఆపి చేతులు తుడుచుకుంది.

"ఎలా ఉన్నావు రా?"

"బానే ఉన్నాను." బయట తన బండికేసి చూశాడు. "బ్రేకు నొక్కినప్పుడల్లా అద్దంలో వెనకబండి మొహం చూస్తున్నానక్కా. దానిమీద నా లైటు ఎరుపు పడిందా లేదా అని. ముందు చూడ్డం మానేసి అదే చూస్తున్నాను. నిన్న కాస్తలో తప్పింది."

"నేను చూడనా ఒకసారి, స్విచ్చి?" అని నోటిదాకా వచ్చింది. అనొచ్చో అనకూడదో తేలక మింగేసింది.

"నా మీద కోపం పోయిందా?" అంది.

అతను నిజంగానే ఆలోచించాడు. "తెలీదక్కా. కొన్నిరోజులు ఉంటోంది, కొన్నిరోజులు ఉండటం లేదు."

"ఇవాళ?"

"అదే తెలియక వచ్చాను."

వాన గట్టిపడింది. పక్క గదిలోంచి ఆమె భర్త మూడు గ్లాసులతో టీ తెచ్చి, ఒకటి తమ్ముడి పక్కన బల్లమీద పెట్టి, ఏమీ అడక్కుండా తనూ కూచున్నాడు.